నల్లగొండ, పాలమూరు ఇళ్ళలో ఫ్లూటు, క్లారినెట్, పియానో కచేరీ పెట్టడం ఎలా

పాతికమందిని ఇంటికి పిలిచి, మైకు లేకుండా, ఒక ఫ్లూటు, ఒక క్లారినెట్, ఒక పియానోతో గంటసేపు పాశ్చాత్య సంగీతం వినిపించాలంటే మన దగ్గర పెద్ద అడ్డు ఎండే. ఎండకు ఊదే వాయిద్యాల శ్రుతి పైకి పోతుంది. పియానో వాటితోపాటు పైకి పోదు సరికదా, పొడి గాలికి చెక్క ఎండి ఇంకాస్త కిందికి జారుతుంది. రెండూ విడిపోయాక ఎంత బాగా వాయించినా వినేవాళ్ళ చెవికి ఏదో గుచ్చుతూనే ఉంటుంది. కాబట్టి తేదీ ఎంచుకోవడం దగ్గర్నుంచి కుర్చీలు వేయడం వరకు ప్రతి పనిలోనూ శ్రుతిని గుర్తుపెట్టుకోవాలి.

తేదీ, సమయం

నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా ధనుర్మాసం సరైన కాలం. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా పెళ్ళిళ్ళుండవు. అంటే బారాత్ ఉండదు, డీజే ఉండదు. సాయంత్రం చల్లబడుతుంది, గాలి మరీ పొడిగా ఉండదు. ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు గానీ, వాన పడ్డ సాయంత్రం లైటు వేస్తే ఉసిళ్ళు ముసురుకుంటాయి. ఊపిరి గట్టిగా లోపలికి లాగి ఊదేవాళ్ళకు అది చిన్న కష్టం కాదు. వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా వీధి మైకులతో పోటీ పడలేం. మార్చి దాటాక ఏసీ లేని హాల్లో ఈ కచేరీ తలపెట్టొద్దు.

డిసెంబరులో చూసుకోవాల్సినవి మూడు. పక్క వీధిలో అయ్యప్ప పడిపూజ ఆ రోజే ఉందేమో ముందే అడగాలి. క్రిస్మస్‌కు ముందు వారం వదిలెయ్యాలి, ఎందుకంటే మన పట్టణాల్లో పియానో వాయించేవాళ్ళు ఎక్కువమంది చర్చి కాయర్లలో ఉంటారు, ఆ వారం వాళ్ళు దొరకరు. ఇక దగ్గరి మసీదులో ఇషా అజాన్ ఎన్నింటికో కనుక్కుని, అది అయ్యాక మొదలుపెట్టాలి. చాలా వీధుల్లో ఏడున్నర సరిపోతుంది.

హాలు

కొలత వేద్దాం. హాలు 14 అడుగులకు 24 అడుగులు అనుకుంటే 336 చదరపు అడుగులు. వాయించేవాళ్ళకు, పియానోకు కలిపి 90 పోతుంది. తలుపులకు, నడిచే దారికి 60 వదలాలి. మిగిలింది 186. ఒక కుర్చీకి రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు చొప్పున ఆరు చదరపు అడుగులు. లెక్కకు 31 కుర్చీలు పడతాయి గానీ 25 వేయండి. ముందు వరుసకు బదులు జంపఖానా పరిచి పిల్లలను కూర్చోబెడితే ఇంకో ఐదారుగురు పడతారు. ముందు కూర్చున్నవాళ్ళకు, ఊదేవాళ్ళకు మధ్య కనీసం ఆరడుగులు ఉండాలి. టెంట్ హౌస్ ప్లాస్టిక్ కుర్చీలు ఫర్వాలేదు. ఇనుప మడత కుర్చీలు మాత్రం వద్దు, కదిలిన ప్రతిసారీ కిర్రుమంటాయి.

మన ఇళ్ళలో కింద షాబాద్ బండలో టైల్సో, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి. "టప్" అని ఆగిపోకుండా "టరరర" అని సాగితే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందని అర్థం. క్లారినెట్ పై స్వరాలు అలాంటి గదిలో కఠినంగా వినిపిస్తాయి, పియానో పరుగులు ముద్దయిపోతాయి. మందు తేలిక. జనం వెనకాల గోడకు రెండు మూడు పాత బొంతలు వేలాడదీయండి, జనం కూర్చునే చోట జంపఖానా పరవండి. ఊదేవాళ్ళ కాళ్ళ కింద మాత్రం ఏమీ పరవొద్దు. ఫ్లూటు కింది స్వరాలు అసలే మెత్తన, బండ మీద పడి తిరిగొచ్చే శబ్దమే వాటికి బలం. బొంతలు ఎక్కువ కట్టి గదిని చంపేయడం కూడా తప్పే. పాతికమంది ఒళ్ళు, శాలువాలు, స్వెటర్లు కూడా శబ్దాన్ని పీలుస్తాయి, కాబట్టి ఖాళీ హాల్లో రిహార్సల్ చేసేటప్పుడు శబ్దం కొంచెం ఎక్కువ మోగుతున్నట్టే ఉండాలి.

వాకిట్లో, డాబా మీద పెడితే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. సన్నాయికి, డోలుకు ఆరుబయలు సరిపోతుంది. ఫ్లూటు, పియానోకు సరిపోదు. గోడలు లేకపోతే మూడో వరుసకే కింది స్వరాలు అందవు.

పియానో

పాత మిషన్ చర్చిలోనో, కాన్వెంటు బడిలోనో నిలువు పియానో ఉంటే, దాన్ని ఇంటికి తేవడం కంటే కచేరీనే అక్కడికి తీసుకుపోవడం తెలివైన పని. నిలువు పియానో 200 కిలోల పైనే ఉంటుంది. కదిపిన పియానో కొత్త గది గాలికి అలవాటు పడేందుకు రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాతే ట్యూనింగ్ నిలబడుతుంది. ఏళ్ళ తరబడి ట్యూనింగ్ లేని పియానో 30 సెంట్లు దిగిపోయి ఉంటే (అర స్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక భాగం సెంటు), ఒక్కసారిగా పైకి లాగితే నిలవదు, తుప్పుపట్టిన తీగలు తెగుతాయి కూడా. రెండు విడతల్లో, మధ్యలో వారం వదిలి చేయించాలి. తీగలు, చీలలు వదులై, ఎ (A) అనే స్వరం 435 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు; ఇప్పుడు అందరూ పాటించే ప్రమాణం 440) దాటి పైకి రాని పియానో అయితే దాన్ని ఊదే వాయిద్యాలతో కలపొద్దు. అంత కిందికి ఫ్లూటును, క్లారినెట్‌ను లాగితే వాటి స్వరాల మధ్య దూరాలే చెదిరిపోతాయి. ఇంకో మాట: పియానో దగ్గర కూలర్ పెట్టొద్దు. ఆ తడి గాలికి లోపలి చెక్క ఉబ్బి శ్రుతి మారుతుంది, తీగలకు తుప్పు పడుతుంది.

ఎక్కువమందికి కుదిరేది డిజిటల్ పియానోనే. అందులో నామోషీ ఏమీ లేదు, మన ఎండకు అదే మేలు కూడా. చూడాల్సినవి ఇవి: పూర్తి 88 మెట్లు, సుత్తి బరువున్న మెట్లు, సగం నొక్కితే సగమే పనిచేసే పెడల్, శ్రుతిని ఒక్కో హెర్ట్జ్ చొప్పున మార్చుకునే వీలు. చర్చి పాటలకు వాడే 61 మెట్ల కీబోర్డు దీనికి చాలదు. స్టాండు కత్తెర ఆకారంలో ఉంటే గట్టిగా వాయించినప్పుడు ఊగుతుంది, నాలుగు కాళ్ళది తెప్పించండి. కారులో తెచ్చేటప్పుడు వెనక సీటు మడిచి పడుకోబెట్టి తేవాలి, నిలబెట్టొద్దు.

దాని సొంత స్పీకర్లు చిన్న హాలుకు కూడా ఒక్కోసారి చాలవు, క్లారినెట్ గట్టిగా ఊదితే పియానో మునిగిపోతుంది. అప్పుడు ఎనిమిదంగుళాల పవర్డ్ స్పీకరు (లోపలే ఆంప్లిఫయరు ఉండేది) ఒక్కటి తీసుకుని పియానో కిందో వెనకో, పియానో ఎత్తు మించకుండా, జనం వైపు తిప్పి పెట్టండి. స్టాండు మీద పైకెత్తి పక్కకు పెడితే పియానో ఒకచోట, శబ్దం ఇంకోచోట అయి, ఇంటి కచేరీకి ఉండే దగ్గరితనం పోతుంది.

స్పీకరులో "జుమ్మ్" వస్తుంటే పదిలో తొమ్మిదిసార్లు ఎర్తింగే కారణం. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నా వెనకాల ఎర్తు తీగ ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పియానో, స్పీకరు రెండూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిచేలా ముందే కలిపి ఉంచండి, అది సైన్ వేవ్ రకమైతేనే హమ్ రాదు. ఒక ముఖ్యమైన సంగతి: చాలా డిజిటల్ పియానోలు ఆగి వెలిగితే శ్రుతి మళ్ళీ 440కి వచ్చేస్తుంది. మీరు 442 పెట్టుకుని ఉంటే, అది మళ్ళీ ఎలా పెట్టాలో కాగితం మీద రాసి పియానో అంచుకు అతికించండి. చీకట్లో, పాతికమంది ముందు ఆ మెనూ గుర్తురాదు.

శ్రుతి కలపడం

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో ధ్వని వేగం సెకనుకు 0.6 మీటరు పెరుగుతుంది. గొట్టంలోని స్వరం ఆ మేరకు దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది. వాయిద్యం లోపలి గాలి ఎటూ మన ఊపిరితో వెచ్చబడి ఉంటుంది కాబట్టి నిజంగా పెరిగేది అంతకంటే తక్కువే. అయినా 22 డిగ్రీల గదిలో 440కి సరిపోయిన ఫ్లూటు 36 డిగ్రీల హాల్లో తేడా తెలిసేంత పైన మోగుతుంది.

డిజిటల్ పియానో ఉంటే దాన్నే ఊదేవాళ్ళ దగ్గరికి తెచ్చుకోవచ్చు. హాలు 24, 26 డిగ్రీల మధ్య ఉంటే 442 దగ్గర మొదలుపెట్టండి. 30 దగ్గర ఉంటే 443, 444 చూడండి. అంతకు మించితే పియానోను పెంచే బదులు హాలును చల్లబరచండి: రెండు గంటల ముందు నుంచి ఏసీ 25 మీద. పాతికమంది కూర్చోగానే లెక్క మళ్ళీ మారుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది. పాతికమందంటే తలుపులు మూసిన గదిలో రెండున్నర వేల వాట్ల హీటరు పెట్టినట్టే. రెండో భాగానికి ముందు మళ్ళీ శ్రుతి చూసుకోవాలనేది అందుకే.

పద్ధతి ఇది. ఊదేవాళ్ళు పది నిమిషాలు వాయించి వాయిద్యం వెచ్చబడ్డాకే శ్రుతి చూడాలి. చల్లటి వాయిద్యంతో కలిపిన శ్రుతి రెండో పేజీకే పైకి పోతుంది. పియానో ఎ ఇస్తుంది. ఫ్లూటు అదే ఎ పలుకుతుంది, బి-ఫ్లాట్ క్లారినెట్ (మామూలుగా దొరికే రకం, రాసినదానికంటే ఒక స్వరం కిందికి పలుకుతుంది) తన కాగితంలో బి అని రాసి ఉండే స్వరం పలకాలి. ఫ్లూటు పైన ఉంటే తలభాగాన్ని మిల్లీమీటరు చొప్పున బయటికి లాగండి. ఎంత లాగినా పై ఆక్టేవు, కింది ఆక్టేవు ఒకదానితో ఒకటి కుదరకపోతే లోపలి బెండు జరిగిందేమో చూడండి. తుడిచే కడ్డీని తలభాగంలోకి బెండు తగిలేదాకా దూర్చితే, దాని మీద ఉండే గీత ఊదే రంధ్రం సరిగ్గా మధ్యలో కనబడాలి. మామూలు ఫ్లూటుకు బెండు నుంచి రంధ్రం మధ్యకు దూరం 17 మిల్లీమీటర్లు. మన పొడి గాలికి బెండు ఎండి సన్నబడి జరగడం మామూలే.

క్లారినెట్‌లో ఎక్కడ లాగాలన్నదే చిక్కు. మౌత్‌పీస్ కిందుండే బ్యారెల్ దగ్గర లాగితే మధ్యలో ఉండే గొంతు స్వరాలు ఎక్కువగా దిగుతాయి, పొడవాటి గొట్టం స్వరాలు తక్కువ దిగుతాయి. అందుకని బ్యారెల్ దగ్గర ఒక మిల్లీమీటరో ఒకటిన్నరో లాగి, మిగిలింది నడిమి అతుకు దగ్గర లాగడం మంచిది. తరచూ వేడి గదుల్లో వాయించేవాళ్ళు ఒక మిల్లీమీటరు పొడవైన బ్యారెల్ ఇంకొకటి ఉంచుకుంటారు.

బ్యాండు మేళం వాళ్ళ దగ్గర్నుంచి క్లారినెట్ తీసుకునే ఆలోచన ఉంటే ముందు ట్యూనరుతో చూడండి. పాత బ్యాండు క్లారినెట్లలో కొన్ని ఎ స్వరాన్ని 452 దగ్గర పలికే పాత ఎత్తు శ్రుతికి చేసినవి. వాటి ఒంటి మీద హెచ్.పి. (హై పిచ్) అనీ, మామూలు వాటి మీద ఎల్.పి. (లో పిచ్) అనీ ముద్ర ఉంటుంది. 440కి, 452కి మధ్య తేడా సుమారు 47 సెంట్లు, అంటే అర స్వరంలో సగం. ఎంత లాగినా అది కలవదు.

రీడు

మన వాతావరణంలో క్లారినెట్ కచేరీ చెడగొట్టేది ఎక్కువగా రీడే, అంటే మౌత్‌పీస్‌కు బిగించే సన్నని రెల్లు పట్టీ. పెట్టెలోంచి తీసిన రీడు కొసను దీపం వైపు అడ్డంగా పట్టి చూడండి. సన్నని అంచు తిన్నగా కాక అలల్లా కనిపిస్తే అది ఎండి వంగింది. అలాగే బిగిస్తే మొదటి స్వరం కీచుమంటుంది. గిన్నెలో మంచినీళ్ళు పోసి ఒకటి రెండు నిమిషాలు నాననివ్వండి. తర్వాత అద్దం ముక్క మీద బోర్లించి, బొటనవేలితో మడమ నుంచి కొస వైపు మెల్లగా ఒత్తుతూ నాలుగైదుసార్లు నిమరండి. అల పోయి అంచు అద్దానికి అతుక్కున్నట్టు కూర్చుంటే సరే. నాలుగు రీడ్లను రోజు మార్చి రోజు వాయించి సిద్ధం చేసుకోవాలి. కచేరీ రోజు కొత్త రీడు తెరవొద్దు. రెండు భాగాల మధ్య చాయ్ తాగేటప్పుడు మౌత్‌పీస్‌కు మూత పెట్టకపోతే పదిహేను నిమిషాల్లో మళ్ళీ మొదటికొస్తుంది.

ఊదుతుండగా "గురగుర" వినిపిస్తే ఏదో రంధ్రంలో నీరు చేరింది. జిగురు లేని సిగరెట్ కాగితం ఆ రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడు కింద పెట్టి మెల్లగా నొక్కి తీయాలి. జనవరి చలి రాత్రుల్లో ఇది ఎక్కువ.

ఏం వాయించాలి

పియానోకు తోడు ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్ ఉండే గొప్ప రచనలున్నాయి. మోజార్ట్ 1784లో రాసిన కె. 452 (ఆయన రచనల జాబితాలో సంఖ్య) క్వింటెట్ అలాంటిదే, తాను అప్పటిదాకా రాసినవాటిలో అదే మేలైనదని ఆయన తండ్రికి ఉత్తరం రాశాడు. కానీ మన దగ్గర ఐదుగురిని కూడగట్టి శ్రుతి నిలబెట్టడం మొదటి కచేరీకి బరువు. ఫ్లూటు, క్లారినెట్, పియానో ముగ్గురు చాలు.

ఒక వరుస చెప్తాం. మొదట షూమన్ 1849లో రాసిన ఫాంటసీ పీసెస్, ఓపస్ (రచన సంఖ్య) 73, పదకొండు నిమిషాలు. ఇది ఎ క్లారినెట్‌కు రాసింది. బి-ఫ్లాట్ ఒక్కటే ఉంటే అర స్వరం దించి రాసిన కాగితాలు ముందే సంపాదించాలి, చూస్తూ చూస్తూ మార్చి వాయించగలం అనుకోవద్దు. తర్వాత డెబ్యూసీ సిరింక్స్, 1913. ఒక్క ఫ్లూటే, మూడు నిమిషాలు. దీన్ని ఒక నాటకంలో తెర వెనక నుంచి వినిపించడానికి రాశాడు. కాబట్టి ఫ్లూటు వాయించేవాళ్ళను పక్క గదిలో నిలబెట్టి, తలుపు జానెడు తెరిచి, హాల్లో లైటు తగ్గించండి. పెద్ద ఆడిటోరియంలో దొరకని సుఖం ఇది, వదులుకోవద్దు. ఆ తర్వాత పూలెంక్ ఫ్లూటు సొనాటా, 1957, పన్నెండు పదమూడు నిమిషాలు. పూలెంక్ 1963లో చనిపోయాడు. మన చట్టంలో రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి 2024 నుంచి మన దేశంలో ఆ రచన స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

చాయ్ తర్వాత సాన్-సాన్స్ క్లారినెట్ సొనాటా, ఓపస్ 167, 1921. ఆయన చివరి ఏడాది రచన, పదహారు నిమిషాలు. చివరికి ముగ్గురూ కలిసి ఆయనదే టారంటెల్, ఓపస్ 6, 1857లో రాసింది, ఆరేడు నిమిషాలు. పారిస్‌లో అప్పటికే పేరుమోసిన స్వరకర్త రోసీని తన ఇంటి కచేరీలో దీన్ని ఎవరు రాసిందీ చెప్పకుండా వాయింపజేశాడట. విన్నవాళ్ళు ఆయనదే అనుకుని పొగిడితే, అసలు రాసింది పక్కనున్న ఈ కుర్రాడని చూపించాడని సాన్-సాన్సే చెప్పుకున్నాడు. ఇంటి హాలుకు ఇంతకంటే తగిన ముగింపు మాకు తోచలేదు.

మొత్తం సంగీతం యాభై నిమిషాలు. ప్రతి రచనకు ముందు తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడండి: ఎన్ని భాగాలు, ఎక్కడ ఆగి మళ్ళీ మొదలవుతుంది, చప్పట్లు ఎప్పుడు. భాగాల మధ్య ఎవరైనా చప్పట్లు కొడితే కొట్టనివ్వండి. ఊళ్ళో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాళ్ళను తప్పకుండా పిలవండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆ గదిలో ఊపిరి విలువ అందరికంటే బాగా తెలిసినవాళ్ళు వాళ్ళే.

నిలబడే తీరు, ఆ రోజు పనులు

డిజిటల్ పియానోను గోడకు ఏటవాలుగా పెట్టండి. పియానో వాయించేవాళ్ళ కుడి చేతి వైపు, పై స్వరాల కొస దగ్గర ఊదేవాళ్ళు నిలబడాలి. తల కాస్త తిప్పితే ఒకరి కళ్ళు ఒకరికి కనబడాలి. ఎవరూ చెయ్యి ఊపరు కదా, ఊపిరి తీసే కదలికే అందరికీ సైగ. ఫ్లూటు వాయించేవాళ్ళ నెత్తిన ఫ్యాన్ తిరగొద్దు. పెదాల దగ్గరి గాలి పాయను అది చెదరగొడుతుంది, కాగితాలను ఎగరేస్తుంది. ఎలాగూ చలికాలమే కాబట్టి హాల్లో ఫ్యాన్లన్నీ ఆపెయ్యండి, కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టండి.

రెండు రిహార్సళ్ళలో ఒకటి అదే హాల్లో, అదే సాయంత్రపు వేళ, కిటికీలు మూసి చెయ్యాలి. ఒక మనిషిని చివరి వరుసలో కూర్చోబెట్టి, ఫ్లూటు కింది స్వరాలు వినబడేదాకా పియానో తగ్గించండి. బండ పరిచిన గదిలో పెడల్ సగమే నొక్కాలి.

కచేరీ రోజు ఆరింటికి బోరు మోటారు ఆటోమేటిక్ స్టార్టరు తీసెయ్యండి. నీళ్ళ ఫిల్టరు, కాలింగ్ బెల్లు, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినట్టు మరిచిపోకుండా మీ బండి తాళం చెవి అందులోనే పెట్టండి. పక్కింటివాళ్ళను ముందే పిలిస్తే వాళ్ళ కుక్కరు కూత కూడా ఉండదు. ఆహ్వానంలో "ఏడింటికి చాయ్, ఏడున్నరకు కచేరీ, తర్వాత తలుపు మూస్తాం" అని స్పష్టంగా రాయండి. రాసినట్టే మూయండి.

సంక్రాంతి దగ్గర పడితే సకినాలు, గరిజెలు ఎలాగూ ఉంటాయి. అవన్నీ కచేరీ అయ్యాకే బయటికి తీయాలి. మధ్యలో చాయ్ ఒక్కటే. ఊదేవాళ్ళు తీపి చాయ్ తాగితే నోరు పుక్కిలించాకే వాయిద్యం ఎత్తాలి. చక్కెర కలిసిన ఊపిరి తడికి ప్యాడ్లు అతుక్కుని "చిట్" మని శబ్దం చేస్తాయి.

అయిపోయాక జనం మాటల్లో ఉండగానే వాయిద్యాలను విప్పి పాత నూలు పంచె గుడ్డతో లోపల తుడవండి. పెట్టె మూత పావుగంట తెరిచి ఉంచి, తడి ఆరాక మూయండి. చెక్క క్లారినెట్‌ను రాత్రి కారులో వదలొద్దు. తెల్లవారుజామున చలికి ముడుచుకుని, పొద్దెక్కాక అద్దాల వెనక ఎండకు ఒక్కసారిగా వ్యాకోచిస్తే పై జాయింటులో, రంధ్రాల మధ్య సన్నని పగులు మొదలవుతుంది.